నా వెనక వల కట్టిన రోజు

మన్మథ నామ సంవత్సరం మాఘ శుద్ధ చవితి, శనివారం, సాయంత్రం సరిగ్గా నాలుగు గంటలకు, ధవళేశ్వరం దిగువన కాలవ గట్టును ఆనుకుని ఉన్న ఇంజనీరు దొర బంగళా మైదానంలో నా పరువు పోవడం మొదలైంది. పూర్తిగా పోయేసరికి ఐదయింది. వేళ ఇంత కచ్చితంగా ఎలా తెలుసని అడుగుతారేమో. కాలవలో పడవలు దాటే లాకు దగ్గర గంటగంటకీ గంట కొట్టేవారు. లోకంలో చాలామంది పరువు చడీచప్పుడు లేకుండా పోతుంది. నాది గంట కొట్టి మరీ పోయింది.

ముందే చెబుతున్నాను, ఇందులో నీతి వెతక్కండి. నేను అక్షరాలు దిద్దింది తల నెరిశాక, మనవరాలి పలక మీద. అంచేత నా రాతలో సొగసులుండవు. జరిగింది జరిగినట్టు చెబుతాను, నవ్వొస్తే నవ్వండి, రాకపోతే మీ ఖర్మ.

అప్పటికి నాకు ఇరవై నిండాయి. పేరు పోలయ్య. ఆ పేరుతో పిలిచినవాడు మాత్రం లేడు, ఊరందరికీ పోలిగాణ్ణే. మా గూడెం గోదావరి ఒడ్డున. చేపలు పట్టడం తప్ప వేరే విద్య రాదు. ఆ ఒక్క విద్యనీ మా నాన్న పలక మీద కాకుండా నా వీపు మీద రాసి నేర్పాడు. నాన్న పడవ వెనక తెడ్డు వేసేవాడు, నేను ముందు నిలబడి వల లాగేవాణ్ణి. మా దగ్గర కొయ్యింగ అని ఒక చేప ఉంది. తిన్నవాళ్ళకి దాని రుచి తెలుసు, పట్టినవాళ్ళకి దాని పొగరు తెలుసు. వల అంచు కనబడిందంటే నీళ్ళలోంచి మనిషెత్తు లేచి అవతలికి దూకేస్తుంది. దాన్ని గాలిలోనే పట్టాలి. పట్టినదాన్ని తల తిప్పకుండా భుజం మీదుగా వెనక్కి పడవలోకి విసరాలి. ఎంత పెద్దదో చూసుకుందామని వెనక్కి తిరిగావో, ముందున్న నాలుగూ పోయినట్టే.

"చూపు నీళ్ళ మీద, చేప వెనక్కి!" ఇదే మా నాన్న ఉపదేశం. తిరిగి చూసినప్పుడల్లా తెడ్డుతో వీపున ఒకటి. కొన్నాళ్ళకి తిరిగి చూడడం మానేశాను. ఇంకొన్నాళ్ళకి ఆలోచించడమే మానేశాను. తెల్లగా ఏది గాలిలో మెరిసినా చెయ్యి తనంతట తనే వెళ్ళి పట్టుకుని వెనక్కి వేసేది. ఒకసారి పెళ్ళి విందులో ఎవరో విసిరిన కొబ్బరిచిప్పని అలాగే పట్టి వెనక్కి వేశాను. వెనక పెళ్ళికొడుకు మేనమామ ఉన్నాడు. అదో కథ.

ఇక నా కష్టం సంగతి. నాకప్పటికే పెళ్ళయింది. నరసమ్మకి పసుపుతాడు కట్టి చాలాకాలమైంది గాని, మా మావ వీరాస్వామి పిల్లని కాపురానికి పంపడే! ఆయనా మావాళ్ళలాగే చేపలవాడు. కాని పెద్ద కొడుకుని గోదావరికి ఇచ్చుకున్నవాడు. ఎప్పుడు వెళ్ళి అడిగినా ఒకటే వరస.

"రాత్రిపూట ఎక్కడుంటావు అల్లుడా?"

"పడవలో మావా."

"మరి నా కూతురో?"

"గుడిసెలో ఉంటుంది మావా."

"తెల్లారి నువ్వు రాకపోతే?"

దానికి జవాబు కూడా ఆయనే చెప్పేవాడు.

"నేల మీద ఉద్యోగం చూసుకో. చూసుకున్న రోజునే పిల్లని పంపుతాను. నా ఇంట్లో ఒక ఆడది గట్టు మీద దీపం పట్టుకుని నిలబడి ఏడ్చింది చాలు. రెండోదాన్ని నిలబెట్టను."

మాట గట్టిదే. కాదనడానికి లేదు. అయితే నేల మీద నాకు ఉద్యోగం ఎవడిస్తాడు? నేల మీద నడిచినా అటూ ఇటూ ఊగుతూ నడిచేవాణ్ణి.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున్న ఇంజనీరు దొర పడవలో కాలవ చూసుకుంటూ గోదావరిలోకి వచ్చి, నేను కొయ్యింగలు పట్టడం చూశాడు. చాలాసేపు చూశాడట. మధ్యాహ్నానికల్లా కాలవల ఆఫీసు గుమాస్తా సుబ్బారాయుడు పంతులుగారు మా గూడెంలో దిగారు. పంతులుగారు వేలెడు ఎండు మెత్తళ్ళ చేపంత మనిషి. గొంతు మాత్రం ఏనుగుది.

"ఒరే పోలిగా! దొరగారు నిన్ను ఆటకి రమ్మంటున్నారు."

"ఆటకాండీ? ఈడొచ్చినవాణ్ణండీ, ఇప్పుడేం ఆటలండీ?"

"హాకీ అని వంకరకర్రల ఆట. నువ్వు ఆడక్కర్లేదు. నిలబడితే చాలు."

"ఊరికే నిలబడ్డానికి నేనెందుకండీ, గుంజ పాతుకోండి."

"గుంజలు రెండున్నాయి. వాటి మధ్యన నువ్వు. బంతి వస్తుంది, దాన్ని ఆపాలి."

"ఎవరు పంపుతారండీ?"

"అవతలి జట్టువాళ్ళు."

"ఆళ్ళకి నా మీద ఏం పగండీ?"

పంతులుగారు నుదురు కొట్టుకుని, అసలు మాట అప్పుడు బయటపెట్టారు. రాజమండ్రి మిషనువాళ్ళకి ఒక జట్టు ఉంది. ప్రతిసారీ వాళ్ళే మా దొర జట్టుని ఓడిస్తున్నారు. దొరకి అన్నం సయించడం లేదు. దిగువ లాకు దగ్గర లస్కరు ముసలివాడైపోయి పని మానేశాడు. లాకు తలుపులు తెరిచే ఆ ఉద్యోగమూ, పక్కనున్న పెంకుటిల్లూ ఖాళీగా ఉన్నాయి. మిషను జట్టుని ఓడించిన రోజున ఆ రెండూ నావేనని దొర మాట.

నేల మీద ఉద్యోగం! దాని పక్కన పెంకుటిల్లు! ఆ పెంకుటింటి అరుగు మీద నరసమ్మ కూచుని తల దువ్వుకుంటున్నట్టు నాకు అక్కడికక్కడే కనబడింది.

"ఆయ్, వస్తానండీ," అన్నాను. "గుంజల్లో మూడో గుంజనవుతానండీ."

అలా నేను గోలు కాపరినయ్యాను. నిలబడినందుకు సాయంత్రానికి బియ్యం కొలిచి ఇచ్చేవారు. గోదావరి జిల్లా మొత్తంలో ఊరికే నిలబడే కొలువు రెండు జీవాలకే ఉండేది, ఒకటి నేను, రెండు పొలంలో దిష్టిబొమ్మ. అదైనా బియ్యం తీసుకునేది కాదు.

నాకు కాళ్ళకి గోనెపట్టా చుట్టి కొబ్బరితాడుతో బిగించారు. మొదట్లో బంతి కాలికి తగిలినప్పుడల్లా వంగి, చేత్తో దాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకునేవాణ్ణి. కాలు తగిలితే దణ్ణం పెట్టుకోవద్దూ? నేను అద్దుకుంటూ ఉండగా అవతలివాడు దాన్ని గోల్లోకి కొట్టేసేవాడు. దొర ఎర్రగా అయిపోయి తెలుగులో, "నో దణ్ణం! పోలయ్య, నో దణ్ణం!" అని అరిచేవాడు. కొన్నాళ్ళకి ఆ భక్తి వదిలింది. ఆ తరువాత నన్ను దాటి ఒక్క బంతి వెళ్ళలేదు. మావాళ్ళు కర్రలు పైకి ఎత్తకుండా ఆడేవాళ్ళు. బంతి ఎప్పుడూ నేల మీదే పాకేది. దాన్ని తన్నడం ఒడ్డున పీతని తన్నినంత తేలిక. అప్పన్న అని కాలవ పనివాడు ఒకడు మా జట్టులో గట్టివాడు. వాడొకరోజు విసుగెత్తి కర్ర పారేసి, "ఈడి కాళ్ళు గోదారి ఆనకట్టండీ బాబూ, నీళ్ళైనా దాటతాయి గాని బంతి దాటదు," అన్నాడు.

నేను పొంగిపోయాను. పొంగినది ఏదైనా పొయ్యిలో పడక మానుతుందా?

పందెం ముందురోజున ఒక బంతి గుంజల పక్కనుంచి వెళ్ళి వెనకనున్న కాలవలో పడి పోయింది. దొర దగ్గర మంచి బంతి ఇంకొక్కటే మిగిలింది. గోలుకీ కాలవ గట్టుకీ మధ్య నాలుగడుగుల జాగా ఉంటే ఎక్కువ. దొర కాసేపు గడ్డం గోక్కుని, "వల," అన్నాడు.

"వల కట్టమంటున్నారురా," అన్నారు పంతులుగారు.

"దానికేమండీ, మా ఇంట్లో వలలకి కరువాండీ?" అని పరిగెత్తికెళ్ళి నా సొంత వల తెచ్చాను. శనివారం మధ్యాహ్నం నా చేత్తో నేనే గుంజలకి బిగించాను. ఎంత బాగా బిగించానంటే, చీమ దూరినా తిరిగి వెళ్ళే దారి లేదు. ఇంకో తెలివైన పని కూడా జరిగింది. మిగిలిన ఆ ఒక్క బంతీ నల్లబడి ఉంటే దొర దానికి తెల్లసున్నం వేయించాడు. ఎండలో అది వెండిలా మెరుస్తోంది.

నా వెనక నా వల. నా ఎదర తెల్లగా మెరిసేది. చేపలవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే ఇక్కడికే పొట్ట పట్టుకుని ఉంటారు. మిగతావాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

నాలుగు గంటలు కొట్టగానే ఆట మొదలైంది. మా గూడెం గూడెమంతా కాలవ గట్టు మీద దిగింది. మా మావ తలపాగా చుట్టి, అల్లుడికి ఉద్యోగం వచ్చే ముహూర్తం చూడ్డానికి చేతికర్ర ఊతంగా ముందు వరసలో నిలబడ్డాడు. ఆయన వెనక ఆడవాళ్ళ మధ్యన నరసమ్మ. పైట చెంగు నోట్లో పెట్టుకుని నన్నే చూస్తోంది. నేను కాళ్ళకి గోనె చుట్టుకుని గుంజల మధ్య ధాన్యం బస్తాలా ఉన్నా, ఆ కాసేపూ మహారాజునే అనుకున్నాను.

తీర్పరిగా మిషను బడిలో పాఠం చెప్పే యోహాను మాస్టారుని పెట్టారు. తన జట్టుకైనా సరే అబద్ధం చెప్పని మనిషి అని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. అవతలి జట్టుకి నాయకుడు ఒక పడుచు పాదిరి దొర. మనిషి తాటిచెట్టంత పొడుగు. ఆయన చేతిలో కర్ర పళ్ళు తోముకునే వేపపుల్లలా ఉంది.

మొదటి సగం దివ్యంగా నడిచింది. పాకుతూ వచ్చిన ప్రతి బంతినీ తన్నాను. అప్పన్న అవతలికి పోయి ఒక గోలు కొట్టాడు. మా దొర టోపీ ఎగరేశాడు. పంతులుగారు నా దగ్గరికొచ్చి, "ఒరే, ఇంకాసేపు ఇలాగే నిలబడు. పెంకుటిల్లు నీదే," అన్నారు.

"వంటింటి గోడకి సున్నం వేయిస్తారాండీ?"

"ముందు బంతి చూడరా వెధవా!"

బంతి చూశాను. అదే కొంప ముంచింది.

పాదిరి దొర పరుగున వచ్చి కర్రతో కింద నుంచి చిమ్మాడు. బంతి నేల విడిచింది. తెల్లగా, మెరుస్తూ, ఎండలో వొంపు తిరుగుతూ మనిషెత్తున నా మీదికి వచ్చింది. ఇన్నాళ్ళ ఆటలో గాలిలోకి లేచిన బంతి నాకు అదే మొదటిది. ఆ క్షణాన నాకు ఆటా లేదు, దొరా లేడు. గోదావరి ఉంది, పడవ ఉంది, కొయ్యింగ ఉంది. చెయ్యి వెళ్ళింది. పట్టింది. అంత అందంగా ఎవడూ పట్టలేడు, నా గొప్ప నేనే చెప్పుకోవాలి, చెప్పేవాళ్ళు ఇంకెవరూ లేరు. పట్టి, తల తిప్పకుండా, భుజం మీదుగా వెనక్కి విసిరింది.

వలలో తపక్కుమంది.

మిషనువాళ్ళు కేక పెట్టారు. వాళ్ళ కేక కంటే పెద్దగా కాలవ గట్టు మీంచి మా గూడెం కేక పెట్టింది. మా మావ కర్ర పైకెత్తి, "పట్టాడ్రోయ్! మా అల్లుడు పట్టి వల్లో ఏశాడ్రోయ్!" అని గంతులేస్తున్నాడు. ఇంతమంది సంతోషిస్తుంటే నేనూ కాస్త నవ్వాను. అప్పుడు పంతులుగారు వచ్చారు. ఆయన నవ్వడం లేదు.

"ఏంట్రా అది?"

"పట్టానండీ."

"పట్టావు, కళ్ళారా చూశాం. వెనక్కెందుకేశావు?"

"మరి ఎక్కడెయ్యాలండీ?"

"కింద వదిలెయ్యాలిరా! ముందుకి తన్నాలి! ఆ గుంజలు దాటకూడదనేగా నిన్ను ఇన్నాళ్ళూ మేపుతోంది?"

బంతి గుంజలు దాటకూడదన్న సంగతి నాకు తెలుసు. నా తలకి తెలుసు. చేతికే ఎవరూ చెప్పలేదు.

"ఇప్పుడు ఒకటికొకటయింది," అన్నారు పంతులుగారు పళ్ళు నూరుతూ. "ఇంకొకటి పడితే ఇల్లూ లేదు, ఉద్యోగమూ లేదు, అర్థమైందా?"

"ఆయ్, ముందుకేనండీ. ఇంక ముందుకేనండీ."

మిగతా ఆటంతా ఆ ఒక్క మాటే జపం చేశాను. ముందుకి, ముందుకి, ముందుకి. కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని మరీ చెప్పాను. దొంగని పోలీసు పట్టుకున్నట్టు నన్ను నేనే పట్టుకుని నిలబడ్డాను. పాదిరి దొర మంచివాడే గాని తెలివితక్కువవాడు కాదు. నేల మీద ఎన్ని కొట్టినా నేను తన్నేస్తున్నాననీ, గాలిలో పంపితే పని నేనే పూర్తిచేస్తాననీ ఆయనకి అర్థమైంది. ఐదు గంటలు కొట్టబోతుండగా మళ్ళీ వచ్చాడు. మళ్ళీ చిమ్మాడు.

బంతి లేచింది. తెల్లగా మెరిసింది.

"ముందుకి!" అని పంతులుగారు అరిచారు.

"ముందుకి!" అని అప్పన్న అరిచాడు.

"ముందుకి!" అని నేను కూడా అరిచాను. దేవుడి సాక్షిగా, అందరి కంటే పెద్దగా అరిచింది నేనే. అరుస్తూనే పట్టాను. అరుస్తూనే వెనక్కి వేశాను.

పడవలో వచ్చిన బుద్ధి పాడెతో గాని పోదు.

తపక్కు. గంట కొట్టారు. ఆట అయిపోయింది. నా పెంకుటిల్లు కళ్ళముందే పెంకు పెంకుగా ఊడి కాలవలో పడింది. మా దొర టోపీ నేలకేసి కొట్టి దాని మీద నిలబడ్డాడు. పాదిరి దొర మాత్రం నవ్వుతూ నా దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆయన ఇంగ్లీషులో ఏదో అంటే యోహాను మాస్టారు తెలుగు చేశారు.

"మా జట్టులో ఎవరూ మీ అంతటి పనిమంతులు కారంటున్నారండీ. రెండుసార్లూ గోలు వేసింది మీరేనట. దొరగారు మీకు రుణపడి ఉంటారట."

నన్ను జీవితంలో మొట్టమొదట 'మీరు' అన్న మనిషి ఆయనే. ఎలాంటి వేళ అన్నాడో చూడండి!

అంతలో పంతులుగారు గోలు వెనకవైపు నుంచి, వలకీ కాలవకీ మధ్యనున్న ఆ కాస్త గట్టు మీదికి వచ్చి నన్ను పిలిచారు. అందరి ముందూ తిడితే దొర వింటాడనుకున్నారేమో. నేను వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన వీపు కాలవకి, నా వీపు వలకి.

"నీకు బుర్ర ఉందా?"

"ఉందండీ."

"చెయ్యి?"

"అదీ ఉందండీ. అదే వచ్చిన గొడవండీ."

"ఎదురు చెబుతావా? ఇన్నాళ్ళూ దొర దగ్గర నీ గురించి ఎంత చెప్పాను! నా మొహం ఎక్కడ పెట్టుకోను? నిన్ను..." అంటూ, తిట్టు పెద్దది దొరికినట్టుంది, దాన్ని విసరడానికి ఊపు కోసం ఒక అడుగు వెనక్కి వేశారు. వెనక గట్టు లేదు.

ఎండు మెత్తళ్ళు నీళ్ళలో పడితే ఎంత చప్పుడవుతుంది? అంతే అయింది. మునిగారు, తేలారు, మునిగారు. ఈత రాదు. కాలవల ఆఫీసులో పుట్టి పెరిగినంత పని చేసినా ఆయన నీళ్ళని కాగితం మీదే చూశారు. నేను గట్టు మీద బోర్లా పడి చెయ్యి చాపాను. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటారు పెద్దలు. నాకు పిలక అందింది. పిలకతో పైకి లాగి, రెండో చేత్తో మొలతాడు దొరకబుచ్చుకుని, లేచి నిలబడి, పట్టినదాన్ని...

మీరు ఊహించిందే జరిగింది.

తల తిప్పలేదు. భుజం మీదుగా వెనక్కి వేశాను. పంతులుగారు వెళ్ళి నా వలకి వెనక నుంచి తగిలి, అందులో చుట్టుకుని, రెండు గుంజలతో సహా మైదానంలోకి వాలిపోయారు. వలలో నుంచి ఏనుగు గొంతు వినబడుతూనే ఉంది. యోహాను మాస్టారు పరుగున వచ్చి, వలని చూశారు, గుంజలని చూశారు, పంతులుగారిని చూశారు. అలవాటు చొప్పున తీర్పు చెప్పేశారు.

"ఇది గోలు కాదండీ. వెనక నుంచి వచ్చింది."

ఆ సాయంత్రం నా చేతిలోంచి వెళ్ళి గోలు కానిది పంతులుగారు ఒక్కరే.

మా దొర టోపీ మీంచి దిగాడు. ముందు భుజాలు కదిలాయి, తరువాత పొట్ట కదిలింది, తరువాత గడ్డిలో కూచుని కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. పాదిరి దొర ఆయన పక్కనే కూచున్నాడు. ఓడినవాడూ నెగ్గినవాడూ ఒకరి వీపు ఒకరు చరుచుకుంటుంటే, నేనొక్కణ్ణే ఏడవలేక నిలబడ్డాను. ఎందుకంటే మా మావ గట్టు దిగి వస్తున్నాడు. మొహం పున్నమి చంద్రుడిలా వెలిగిపోతోంది.

"మూడు పట్టాడు! మూడూ వల్లో పడ్డాయి! ఒకటి మనిషంత!" అని దారిలో కనబడినవాడికల్లా చెబుతూ వచ్చి, నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఏ రోజున చేరుతున్నావు అల్లుడా ఉద్యోగంలో?"

వెనకే వచ్చిన నరసమ్మ మెల్లిగా, "నాన్నా, మనం ఓడిపోయినట్టున్నాం," అంది.

"ఎవరు చెప్పారే నీకు?"

"అవతలివాళ్ళు ఎగురుతున్నారుగా నాన్నా. నెగ్గినవాళ్ళే కదా ఎగిరేది."

గూడెం మొత్తంలో ఆ ఆట అర్థమైంది దానికొక్కదానికే. మా మావ నా మొహంలోకి చూశాడు. ఒక్క అబద్ధం ఆడితే ఆ రాత్రికే పిల్లని పంపేవాడు. నాకు అబద్ధం రాదు. పుట్టుకతోనే మొండి నోరు.

"అవును మావా. ఓడిపోయాం. బంతి వల్లో పడకూడదట. వేసింది నేనే. ఉద్యోగం లేదు, ఇల్లూ లేదు."

మా మావ మొహంలో చంద్రుడు మబ్బులోకి వెళ్ళాడు. కాలవ వైపు తిరిగి అడిగాడు, "మొదటిది వేసినప్పుడు అందరం అంత గోల చేశాం కదా. ఎక్కడ పడిందో వెనక్కి తిరిగి చూడాలనిపించలేదా?"

"లేదు మావా. మా నాన్న చూడనివ్వడు."

"రెండోదానికి?"

"లేదు."

"ఆ పంతులుగారికి?"

"మీరు చెబుతుంటేనే తెలిసింది మావా, ఎక్కడ పడ్డారో."

"మా పెద్దాడు తిరిగి చూశాడురా. పెద్ద చేప పడిందని సంబరపడి వెనక్కి తిరిగాడు. పడవ ఒరిగింది. అంతే." కర్రతో నేల మీద ఒకసారి పొడిచాడు. "నేల మీద ఉద్యోగం నీకొద్దు. నేల మీద నిన్ను చూశాంగా, ఏం వెలగబెట్టావో. నువ్వు పడవలోనే ఉండు. ఇంతమంది అరిచినా తిరగని మెడ గోదారిలో తిరగదు. మంచిరోజు చూసి పిల్లని పంపుతాను."

నరసమ్మ చెంగు నోట్లోంచి తీసింది. "ఆ గోనె విప్పుతాడేమో అడుగు నాన్నా, కాపురానికి అలాగే రమ్మంటే కష్టం," అంది. నాతో అది అన్న మొదటి మాట అదే, అదీ వాళ్ళ నాన్న ద్వారా.

లస్కరు ఉద్యోగం అప్పన్నకి ఇచ్చారు. వాడికి తగినదే. దొర నన్ను మాత్రం వదల్లేదు. వల తీసేసి, కాలవకి దూరంగా మైదానం మధ్యకి గోలు మార్పించి, మళ్ళీ నన్నే నిలబెట్టాడు. వెనక వల లేకపోయేసరికి చెయ్యి కూడా బుద్ధిగా నడుచుకుంది. ఆ దొర బదిలీ అయ్యేవరకూ, ఆయన తరువాత వచ్చిన దొర పోయేవరకూ పొద్దున పడవ మీద, శనివారం సాయంత్రాలు గుంజల మధ్య బతికాను. మిషనువాళ్ళని చాలాసార్లు ఓడించాం. వాటిని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. ఇప్పటికీ నేను ఎదురైతే జనం భుజం మీదుగా చెయ్యి విసిరి చూపిస్తారు. విసురుకోనివ్వండి, నాదేం పోయింది? నరసమ్మ వండిన కొయ్యింగ పులుసు తింటూ ఇది రాస్తున్నాను.

అయినా జనం నోరు మూయించడానికి, గోదావరి నీళ్ళు దోసిట పట్టి, తూర్పు తిరిగి, ఇంటిల్లిపాదీ వింటుండగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో, వీలైతే వచ్చే జన్మలో కూడా, ఏ గుమాస్తాగారైనా నన్ను తిట్టదలచి గట్టు అంచున నిలబడితే, ముందు ఆయన చెయ్యి పట్టుకుని నాలుగడుగులు ఇవతలికి నడిపించి, అరుగు మీద కూచోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఆ తరువాతే తిట్లు తింటాను. ఇది తప్పితే నా పడవ ఇసక మీద తేలుగాక!

ఇదంతా కల్పించానంటే ఒప్పుకోను, సాక్షులున్నారు. ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళు: ఇప్పటికీ పేరు పలకడానికి నాకు నోరు తిరగని మా ఇంజనీరు దొర, పాదిరి దొర, యోహాను మాస్టారు, అప్పన్న, ఇద్దరు దొరల జట్లవాళ్ళు, గట్టు మీద మా గూడెం మొత్తం, మా మావ వీరాస్వామి, నా భార్య నరసమ్మ, పోలయ్య అనే నేను, తడిబట్టలతో సుబ్బారాయుడు పంతులుగారు.